మీకు తెలుసా? మంచం కింద దూరిన పిల్లి ఏం చెబుతోందో!

గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందంటారు. ఈ సామెత కట్టినవాళ్లు పిల్లిని బాగా గమనించారు. భయపడ్డ పిల్లికి ముందు కావలసింది తప్పుకునే దారి. అది మూసేస్తేనే గోళ్లు బయటికొస్తాయి. అంతకంటే ముందే పిల్లి ఒళ్లంతటితో చెబుతూ ఉంటుంది.

• చెవులు పక్కలకు తిరిగాయంటే గుబులు మొదలైనట్టు. తలకు అంటుకుపోయాయంటే చెయ్యి చాపకండి. మంచి వెలుతురులోనూ కనుపాపలు నల్లగా, గుండ్రంగా విచ్చుకుని ఉంటే అది భయం కావచ్చు.

• తోకను నేలకు టపటపా కొడుతుంటే విసుగొచ్చిందన్నమాట. నిట్టనిలువుగా ఎత్తుకుని వస్తే పలకరింపు.

• గురగురమన్న ప్రతిసారీ పిల్లి హాయిగా ఉన్నట్టు కాదు. నొప్పితోనో భయంతోనో ఉన్న పిల్లి కూడా గురగురమంటుంది. కాబట్టి ఆ చప్పుడొక్కటే విని నిశ్చింతగా ఉండకండి, చెవులూ తోకా కూడా చూడండి.

• వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే మిమ్మల్ని నమ్మిందని అర్థం, పొట్ట నిమరమని కాదు. చాలా పిల్లులకు చెక్కిళ్లు, గడ్డం కింద, చెవుల మొదళ్లు నిమిరితే ఇష్టం.

• కళ్లతో పిల్లిని పలకరించవచ్చు! ఇంగ్లాండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. మనిషి నెమ్మదిగా కళ్లు సగం మూసి తెరిస్తే పిల్లులూ కళ్లు చికిలించి బదులిచ్చాయి. అలా చేసిన కొత్త మనిషి చెయ్యి చాపితే దగ్గరికి రావడమూ ఎక్కువైంది. బెదిరిన పిల్లిని రెప్ప వాల్చకుండా చూడకండి, దానికది బెదిరింపే.

• బెదిరిన పిల్లికి దాక్కోవడమే మందు. నెదర్లాండ్స్‌లో ఒక జంతు సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో 10 పిల్లులకు దాక్కునే పెట్టెలిచ్చారు. పెట్టె దొరికినవి మూడు నాలుగు రోజులకే మిగతావాటికంటే కుదుటపడ్డాయి. 2014లో అచ్చయిన ఈ ఫలితం మనింట్లోనూ పనికొస్తుంది. ఖాళీ అట్టపెట్టెను పక్కకు తిప్పి, లోపల పిల్లి రోజూ పడుకునే పాత దుప్పటి పరిస్తే చాలు. తల్లిపిల్లి కూనల్ని ఏడిళ్లు తిప్పేదీ ఇలాంటి భద్రమైన మూల కోసమే. పిల్లి దూరిన చోటునుంచి దాన్ని దయచేసి లాగకండి. చూస్తుంటే మనకు ప్రాణం ఉసూరుమంటుంది నిజమే, అయినా లాగకండి.

• మెడ మీది చర్మం పట్టుకుని ఎత్తడం తల్లి కూనకు చేసే పని. పెరిగిన పిల్లిని అలా ఎత్తితే కదలకుండా ఉండిపోవచ్చు గానీ, దాని భయం పోదు.

• మన చెవికి అందే శబ్దం 20,000 హెర్ట్జ్‌ దాకానే. పిల్లికి 60,000 దాటినా వినిపిస్తుంది. దీపావళి రాత్రి దానికెలా ఉంటుందో ఊహించండి. చీకటి పడకముందే లోపలి గదిలో పెట్టె, నీళ్లు, మట్టి ట్రే సర్దండి. కిటికీలు మూసి ఫ్యాను వేయండి. మీరూ అదే గదిలో ఓ మూల కూర్చుని మీ పని చూసుకోండి. పిలవొద్దు, బుజ్జగించొద్దు, దగ్గరికొస్తే మాత్రం నిమరండి.

• బెంగ పెట్టుకున్న పిల్లి ట్రే వదిలి బయట మూత్రం పోస్తే అది కక్ష కాదు. ఆ బెంగ మూత్రాశయం వాపుకూ దారితీయవచ్చు. మగపిల్లి మాటిమాటికీ ముక్కుతున్నా చుక్క పడకపోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. రోజంతా ముద్ద ముట్టకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.