దొరికిన బంగారం వేరు, తవ్వగల బంగారం వేరు

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాలో 3,350 టన్నుల బంగారం బయటపడిందని పత్రికలూ టీవీలూ హోరెత్తించాయి. మన రిజర్వు బ్యాంకు దగ్గర అప్పుడున్న బంగారానికి అది ఐదింతల పైమాటే. ఆ సందడి సద్దుమణగక ముందే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) వివరణ ఇచ్చింది. తమ సర్వేలో తేలింది 52,806 టన్నుల ముడిఖనిజం, అందులో టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారం. గుణిస్తే 160 కిలోలు. ఆ అన్వేషణ కూడా కొత్తదేం కాదు, 1998-2000 మధ్య జరిగింది.

టన్నులు కిలోలైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ 160 కిలోలు కూడా తవ్వి తీయడానికి సిద్ధంగా ఉన్న బంగారం కాదు, అంచనా మాత్రమే. ఖనిజం ఉందని తెలియడం, ఎంత ఉందో తెలియడం, తవ్వితే గిట్టుతుందని తేలడం మూడు వేర్వేరు సంగతులు. మొదటి రెండింటితో ఆగితే అది వనరు. మూడోది కూడా తేలితేనే నిల్వ.

ముందు ఎంత ఉందో ఎలా తెలుస్తుందో చూద్దాం. పైకి కనబడే రాళ్లను బట్టి పటం గీస్తారు, కందకాలు తవ్వి చూస్తారు, ఆ తర్వాత డ్రిల్లింగ్. వజ్రాలు పొదిగిన బిట్ రాతిని గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంది. గొట్టంలో కడ్డీలా వచ్చిన రాయే ‘కోర్’. దాన్ని పెట్టెల్లో వరసగా పేర్చి, ఏ ముక్క ఎంత లోతుదో రాసి, రంపంతో నిలువునా రెండుగా కోస్తారు. సగం లేబొరేటరీకి పోతుంది, సగం పెట్టెలోనే ఉంటుంది. లేబొరేటరీకి పంపే సంచుల మధ్య బంగారం అసలే లేని రాయినీ, ఎంత ఉందో ముందే తెలిసిన రాయినీ చెప్పకుండా కలుపుతారు. లేబొరేటరీకి కూడా పరీక్ష అన్నమాట.

పెట్టెలో మిగిలే ఆ సగం ఎంత ముఖ్యమో బ్రీ-ఎక్స్ ఉదంతం చెబుతుంది. ఇండోనేసియాలోని బుసాంగ్‌లో 7 కోట్ల ఔన్సులు, అంటే 2,000 టన్నులకు పైగా బంగారం ఉందని ఈ కెనడా కంపెనీ ప్రకటించింది. షేరు ఆకాశానికెక్కింది. కోర్‌ను సగం దాచకుండా మొత్తం పొడి చేసేస్తున్నారని తెలిసినా పెద్దగా ఎవరికీ అనుమానం రాలేదు. 1997లో మరో సంస్థ వచ్చి పాత బోర్ల పక్కనే కొన్ని మీటర్ల దూరంలో బోర్లు వేస్తే చెప్పుకోదగ్గ బంగారం లేదు. బయటి నుంచి తెచ్చిన బంగారపు పొడిని నమూనాల్లో కలిపారని స్వతంత్ర పరిశీలకులు తేల్చారు. 2001లో కెనడా కొత్త నిబంధన తెచ్చింది: ఖనిజ లెక్క ఏదైనా బయటపెట్టాలంటే, అర్హత ఉన్న నిపుణుడు దాని బాధ్యత తీసుకోవాలి.

మోసం లేకపోయినా చిక్కు తీరదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. రాయి అలా కాదు. రెండు బోర్ల మధ్య ఏముందో ఎవరూ చూడలేదు. బొగ్గు పొర దుప్పటి పరచినట్టు కిలోమీటర్ల పొడవునా సాగుతుంది కాబట్టి బోర్లు వందల మీటర్ల ఎడంలో ఉన్నా నమ్మవచ్చు. బంగారపు ఈనె ఒకచోట ఉబ్బి, పది అడుగుల్లో సన్నబడి మాయమైపోగలదు. దక్షిణాఫ్రికా ఇంజనీరు డానీ క్రిగ్ 1951లో అక్కడి గనుల అంకెలు ముందేసుకుని ఒక వింత గమనించాడు. నమూనాల్లో గొప్ప గ్రేడు (టన్ను రాయిలో ఉన్న లోహం) చూపిన చోట తవ్వితే అంత రాదు, నాసిగా చూపిన చోట కాస్త ఎక్కువే వస్తుంది. ఈ తేడాను సవరించడానికి పుట్టిన గణితాన్ని ఆయన పేరు మీదనే క్రిగింగ్ అంటారు. నేటి గని సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ అది ఉంది.

మన దేశంలో ఈ అన్వేషణకు నాలుగు మెట్లు. జీ4 పైపై పరిశీలన, జీ1 దగ్గర దగ్గరగా బోర్లు వేసి చేసే వివరమైన అన్వేషణ. దీనికి మరో రెండు కొలతలు కలిపి ఐక్యరాజ్యసమితి పద్ధతిలో మూడంకెల కోడ్ ఇస్తారు. మొదటి అంకె గిట్టుబాటుకు, రెండోది సాధ్యాసాధ్యాల అధ్యయనానికి, మూడోది భూగర్భ పరిజ్ఞానానికి. 111 అంటే రుజువైన నిల్వ. 333 అంటే జీ3 మెట్టు దగ్గర ఊహించిన వనరు. 2023లో జమ్మూకశ్మీర్‌లోని రియాసీలో ప్రకటించిన 59 లక్షల టన్నుల లిథియం ముడిఖనిజం లెక్క ఆ జీ3 మెట్టుదే. తర్వాత వేలం పెడితే కావలసినంతమంది పోటీకి రాక రద్దయింది.

గిట్టుబాటు దగ్గరే ఎక్కువ లెక్కలు కూలిపోతాయి. బీహార్‌లోని జమూయి జిల్లాను దేశంలో అతి పెద్ద బంగారు నిక్షేపమని రాస్తుంటారు. అక్కడున్న ముడిఖనిజం 22 కోట్ల టన్నుల పైనే. అందులో బంగారం 37.6 టన్నులు. అంటే టన్ను రాయి పిండి చేస్తే దక్కేది 0.17 గ్రాము! 2015 ఏప్రిల్ 1 నాటి జాతీయ పట్టికలో దేశం మొత్తం మీద బంగారపు ముడిఖనిజం 50.18 కోట్ల టన్నులు, అందులో నిల్వల వరుసకెక్కింది 1.72 కోట్ల టన్నులే.

ఈ వరుస శాశ్వతం కూడా కాదు. మన చిత్తూరు సరిహద్దుకు ఆనుకుని ఉన్న కోలార్ గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేసింది బంగారం అయిపోయి కాదు. మూడు కిలోమీటర్ల లోతు నుంచి తీసే ఖర్చు, 300 డాలర్లకు దిగువనున్న ఔన్సు ధరను మించిపోయింది. ధర అంతకు ఎన్నో రెట్లయిన ఈ రోజుల్లో అక్కడి వ్యర్థపు దిబ్బలనే మళ్లీ జల్లించాలని చూస్తున్నారు. ఇనుము సంగతి ఇంకా చిత్రం. 2009లో హెమటైట్ అనే ఇనుప రాయిని ఖనిజంగా లెక్కించే కనీస హద్దును ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ 45 శాతం ఇనుముకు దించింది. రాయి ఒక్కటీ కదలకుండానే నిన్నటి చెత్త నేడు ఖనిజమైంది.

లెక్కలో ఉన్నదంతా చేతికీ రాదు. సింగరేణి భూగర్భ గనుల్లో కప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదులుతూ తవ్వుతారు, వాటిని తర్వాత పూర్తిగా తీయడం అన్ని చోట్లా కుదరదు. ఊళ్లు, నదులు, రైలు పట్టాల కింద ఉన్నది ఉన్నట్టే వదిలేయాలి. అటవీ అనుమతి రాకపోతే ఎంత మేలైన గ్రేడైనా 111 కాలేదు.

ఈ పట్టికలు రహస్యం కాదు. నాగపూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వెలువరించే ఇండియన్ మినరల్స్ ఇయర్‌బుక్ వారి వెబ్‌సైట్‌లో ఉచితం. మంగంపేట బెరైటీస్ నుంచి మొదలుపెట్టి మన రెండు రాష్ట్రాల ఖనిజాలు కోడ్ అంకెలతో సహా అందులో ఉన్నాయి. ఈసారి టన్నుల వార్త చూసినప్పుడు ఆ అంకె ఏ గడిలో ఉందో ఒకసారి తెరిచి చూడండి.