సెల్‌ఫోన్ ఫోటోకి పాతకాలపు కళ తెద్దామా?

మీ ఇంటి వసారా గోడకి పెద్దవాళ్ల ఫోటోలు వరసగా ఉన్నాయా? ఉంటే వాటి మధ్య ఈమధ్య తీసిన రంగుల ఫోటో ఒకటి పెట్టి చూడండి. పులిహోరలో కేకు ముక్క పెట్టినట్టుంటుంది. సరిగ్గా ఈ ఇబ్బందే మాకూ వచ్చింది.

మాది పర్చూరు వైపు పల్లె. పత్తి, మిరప తప్ప వేరే లోకం తెలియని ఇల్లు. మా అత్తగారు రెండేళ్ల క్రితం పోయారు. పసుపు కుంకాలతో పోవాలని ఎప్పుడూ అనేవారు, అలాగే పోయారు. సంవత్సరీకం నాటికి ఆవిడ ఫోటో కట్టించి, మామయ్యగారి అమ్మానాన్నల ఫోటోల పక్కన పెట్టాలనుకున్నాం. ఆ రెండూ నలుపు తెలుపువి, అంచులు గోధుమరంగుకి తిరిగాయి. అత్తగారికి ఉన్న ఒకే ఒక్క మంచి ఫోటో మా అబ్బాయి సెల్‌లో తీసింది. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ తలెత్తి నవ్విన ఫోటో.

మొదట పట్నంలో ఒక స్టూడియోకి ఇచ్చాం. వాళ్లు ముడతలన్నీ చెరిపేసి, మనిషిని తెల్లగా, నున్నగా చేసి చేతిలో పెట్టారు. మా ఆడపడుచు చూసి, "ఎవరొదినా ఈవిడ?" అంది. ఇంక లాభం లేదని నేనే కూర్చున్నాను. ఇంటర్‌తో చదువాపేసినదాన్ని, కంప్యూటర్ కోర్సులేమీ చేయలేదు. గూగుల్ వాళ్ల స్నాప్‌సీడ్ అని ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. అందులో బ్లాక్ అండ్ వైట్ నొక్కి, రంగుల గడుల్లో ఎర్రది ఎంచాను. ముఖం భలే వెలిగింది! సంబరపడి మామయ్యగారికి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "బొట్టేదమ్మాయ్?" అన్నారు.

నా గుండె జారిపోయింది. నిజంగానే బొట్టు లేదు! వెనకాల కల్లంలో మిరపకాయలు కూడా ఎండు గడ్డిలా తెల్లబోయాయి.

తర్వాత అర్థమైంది. ఎర్ర ఫిల్టరు పెడితే ఎర్రగా ఉన్నవన్నీ తెల్లబడతాయి. కుంకం, కాయలు, ఎర్ర చీర అంచు, ఏదైనా సరే. ఆకుపచ్చ పెడితే అవే నల్లగా దిగుతాయి. బాగా పాతకాలపు ఫిల్ములకి ఎరుపు అసలు ఆనేది కాదట, అందుకే ఆనాటి ఫోటోల్లో కుంకం బొట్టు నల్లగా కనిపిస్తుంది. కాబట్టి మన ఆడవాళ్ల ఫోటోలకి ఆకుపచ్చే ఎంచుకోండి. చర్మం కొంచెం చామన తిరిగి, ముడతలు తేటగా కనిపిస్తాయి. కనిపించనివ్వండి, ఏం పోయింది?

ఇక గోధుమరంగు సంగతి. మన సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గారికి ఆస్థాన ఫోటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) రోజుల్లో ఫోటో కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవారు. ఆ సొనే కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. తర్వాత రోజుల్లో ఫోటోలోని వెండిని గంధకపు మందుతో కావాలనే గోధుమరంగుకి తిప్పేవారు. అలా తిప్పితే ఎక్కువకాలం నిలుస్తుంది కూడా. దాన్నే సెపియా అంటారు. 1970ల నాటి రంగుల ఫోటోలు చాలావరకు ఎర్రబారడానికి కారణం వేరు, వాటిలో నీలిరంగు ముందుగా వెలిసిపోవడమే.

అందుకని ముందు మీ గోడ మీది ఫోటో ఏ రకమో చూసుకుని దాన్నిబట్టి చేయండి. మాది నలుపు తెలుపు కాబట్టి గోధుమరంగు ఉప్పు వేసినట్టు చిటికెడే వేశాను. నలుపు మరీ కాటుకలా ఉండకుండా కాస్త తగ్గించాను. పాత ఫిల్ము మీద ఉండే రవ్వలాంటి పొడి, దాన్ని గ్రెయిన్ అంటారు, అది కూడా కొద్దిగానే. గీతలు, చిరుగులు పెట్టే ఫిల్టర్లు మాత్రం వద్దే వద్దు. పెళ్లి కార్డుల మీద పిల్లలు సరదాకి పెట్టుకుంటారు, అది వేరే సంగతి. పోయిన మనిషి ముఖం మీద మనమే గీతలు గీయడమేమిటి చెప్పండి?

ఇంకో మాట. వెనకాల ప్లాస్టిక్ కుర్చీ, డిష్ గొడుగు, సెల్ వేసిన తేదీ ఉంటే ఎంత చేసినా పాతకళ రాదు. అంచులు కత్తిరించండి, కుదరకపోతే చెరిపేయండి. ప్రింటుకి వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మెరిసే కాగితం వద్దు, మ్యాట్ కాగితం అడగండి. మెరుపు ఉందంటే కొత్తదని ఇట్టే తెలిసిపోతుంది.

సంవత్సరీకం ముందురోజు ఫోటో గోడకెక్కించాం. మామయ్యగారు వచ్చి, బొట్టు మీద వేలు పెట్టి చూసుకుని, "పక్కన ఇంకో మేకు కూడా కొట్టించు, మళ్లీ నిచ్చెన ఎందుకు?" అన్నారు. "ఊరుకోండి మామయ్యగారూ, కాఫీ చల్లారిపోతోంది" అన్నాను.

అసలు ఫోటో మీద మాత్రం చేయి పెట్టకండి. కాపీ తీసుకుని దాని మీదే మీ ప్రయోగాలన్నీ చేయండి, నేను నాలుగుసార్లు పాడుచేశాను మరి. ఫ్రేము వెనక అట్ట మీద అత్తగారి పేరు, తీసిన ఏడు, "సెల్‌ఫోన్ రంగుల ఫోటో నుంచి చేసినది" అని రాసి పెట్టాను. లేకపోతే రేపు మా మనవలు ఆవిణ్ణి మామయ్యగారి అమ్మ కాలం మనిషని అనుకోగలరు. ఎర్ర కాయల మధ్య నవ్వే ఆ రంగుల ఫోటో పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మా ఆడపడుచు దగ్గర ఒకటి ఉంచాం.