దూడలలో నెమ్ము వ్యాధి – యాంటీబయోటిక్ చికిత్సలో మెళకువలు

చలికాలంలోను, ముసురు పట్టిన రోజులలోను దూడలకు నెమ్ము వ్యాధి, అనగా న్యుమోనియా, అధికంగా సోకుతుంది. తొలుత వైరస్‌లు శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ముక్కు, గొంతులలో సహజంగానే ఉండే పాశ్చురెల్లా, మాన్‌హీమియా వంటి బాక్టీరియాలు అప్పుడు ఊపిరితిత్తులలోకి చేరి వృద్ధి చెందుతాయి. యాంటీబయోటిక్ మందులు బాక్టీరియాను మాత్రమే అదుపు చేయగలవు. అప్పటికే బాగా దెబ్బతిన్న ఊపిరితిత్తుల భాగాన్ని అవి బాగుచేయలేవు. కావున చికిత్సను ఆలస్యం చేయకుండా ప్రారంభించడం అత్యంత ముఖ్యం.

తొలి దశలో గుర్తింపు: ఆరోగ్యంగా ఉన్న దూడ శరీర ఉష్ణోగ్రత సుమారు 101.5 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. ఉష్ణోగ్రత 103.5 డిగ్రీలు దాటి, దగ్గు, ముక్కు నుండి చీమిడి కారడం, చెవులు వాలడం, పాలు తాగకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే పశువైద్యుని సంప్రదించాలి. నోరు తెరచి రొప్పే దశకు చేరిన దూడ కోలుకోవడం కష్టం.

మందు ఎంపిక: ఆక్సిటెట్రాసైక్లిన్, ఫ్లోర్‌ఫెనికాల్ వంటి మందులను పశువైద్యుడు దూడ బరువును బట్టి నిర్ణయిస్తారు. మైకోప్లాస్మాకు కణకవచం ఉండదు. అందువలన దానిపై పెన్సిలిన్ పనిచేయదు. ఎన్రోఫ్లాక్సాసిన్, సెఫ్టియోఫర్ మందులు మానవ వైద్యంలో కీలకమైన వర్గాలకు చెందినవి కనుక వాటిని తప్పనిసరి అయినప్పుడే వాడాలి. చికిత్స ఫలించని మందలలో, తదుపరి మందు ఇవ్వక ముందే కొత్తగా జబ్బుపడిన దూడల నుండి నమూనాలు సేకరించి ప్రయోగశాలకు పంపడం మంచిది.

పూర్తి మోతాదు: సరైన మందు పడితే సాధారణంగా రెండు మూడు రోజులలో జ్వరం తగ్గుతుంది. జ్వరం తగ్గినంత మాత్రాన ఊపిరితిత్తులలోని బాక్టీరియా పూర్తిగా నశించినట్లు కాదు. చికిత్సను మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు. మందుకు లొంగని బాక్టీరియా వృద్ధి చెందే అవకాశం కూడా ఉంటుంది. మూడు రోజులకు కూడా గుణం కనిపించకపోతే అదే మందును సొంతంగా కొనసాగించక, దూడను తిరిగి పరీక్ష చేయించాలి.

నివారణ: పుట్టిన రెండు గంటలలోపు తొలి విడత ముర్రుపాలు తాగించాలి. మూత్రం నిలిచి ఘాటు వాసన కమ్మే పాకలు, దోమలకై వేసే దట్టమైన పొగ శ్వాసనాళాలకు హాని చేస్తాయి. ద్రవమందులను గొట్టంతో బలవంతంగా పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం కలిగించవచ్చు. నెమ్ము నుండి బ్రతికి బయటపడినా, ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెయ్యదూడ ఎదుగుదలలో వెనుకబడి ఆలస్యంగా ఈనవచ్చు. తొలినాటి జాగ్రత్తే ఆ నష్టాన్ని నివారిస్తుంది.