మొండికేసిన బోల్టు

వానాకాలం నాట్ల బురదలో ఏళ్ళ తరబడి తిరిగి, ఆఖరికి దొడ్లో వేపచెట్టు కింద చేరిన పాత ట్రాక్టరును మళ్ళీ నడిపించాలని మహబూబాబాదు జిల్లా గూడూరు ప్రాంతపు రైతు ఎవరైనా సరదాపడితే, మొదట ఎదురుతిరిగేది ఇంజను కాదు, బోల్టు!

ఇనుము తుప్పయితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరచుట్ల సందుల్లో చేరి నట్టునూ బోల్టునూ ఒకటి చేసేస్తుంది. అప్పుడు పానాకు పొడుగాటి గొట్టం తగిలించి వేలాడామా, బోల్టు తల పుటుక్కున ఊడి చేతికొస్తుంది. మొండెం ఇంజను దిమ్మలోనే ఉండిపోతుంది. ఆ బండి హర్యానాలోని పింజోరులో 1971 నుంచి తయారైన హెచ్.ఎం.టి. రకమైతే మరీ చిక్కు. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. దిమ్మ పాడైతే కొత్తది ఎక్కణ్ణించి తెస్తాం?

కనుక తొందర పనికిరాదు. ముందు ఇనుప బ్రష్షుతో రుద్ది, డీజిలో కిరసనాయిలో పోసి రాత్రంతా నాననివ్వాలి. పొద్దున్నే తలమీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి, ఆపైన రింగు పానా పట్టాలి. విచిత్రమేమంటే, మొదట కాస్త బిగించాలి! తుప్పు పట్టు విడిచాక వెనక్కి, మళ్ళీ ముందుకి. దానికీ లొంగకపోతే నట్టును గ్యాసు మంటతో వేడిచేస్తే అది వ్యాకోచించి వదులవుతుంది. అయితే నూనె శుభ్రంగా తుడిచి, డీజిలు ట్యాంకు దూరంగా తీసిపెట్టిన తరువాతే సుమా!

విరిగిన మొండెం పైకి కనిపిస్తుంటే దానిమీద కొత్త నట్టు పెట్టి వెల్డింగు చేయించి తిప్పవచ్చు. ఆ వేడికే సగం పట్టు సడలుతుంది. లోపలే విరిగితే మాత్రం నట్టనడుమ డ్రిల్లు వెయ్యాలి. అది కాస్త పక్కకు జరిగిందా, దిమ్మ మరచుట్లు చెడినట్టే.