పాత పాటకు కొత్త మాస్టర్: చెవికి చేరేదెంత?

అనకాపల్లిలో పెరిగిన చేంబోలు సీతారామశాస్త్రికి ఇంటిపేరును మరపించేంత పేరు తెచ్చిన సినిమా ‘సిరివెన్నెల’. 1986లో వచ్చింది. దర్శకుడు కె. విశ్వనాథ్, సంగీతం కె.వి. మహదేవన్. కథానాయకుడు చూపులేని వేణుగాన విద్వాంసుడు. తెర మీద కనిపించేది నటుడి వేళ్లే అయినా, ఆ వేణువులో ఊపిరి మాత్రం పండిట్ హరిప్రసాద్ చౌరాసియాది. అప్పట్లో ఇలాంటి పాటలు మన ఇళ్లకు ఎక్కువగా క్యాసెట్లలో వచ్చేవి. ఇప్పుడు ఫోన్‌లో వింటున్నాం. పాట పేరు పక్కన ‘రీమాస్టర్డ్’ అని ఒక మాట, కింద ‘24 బిట్, 192 కిలోహెర్ట్జ్’ అని ఒక అంకె కనిపిస్తున్నాయి. నెలనెలా చందా కట్టే శ్రోత ఈ రెంటిలో దేన్ని నమ్మాలి?

ముందు అంకెల సంగతి చూద్దాం. డిజిటల్ రికార్డింగ్ అంటే ధ్వని తరంగం ఎత్తును సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి రాసుకోవడం. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక కొలతకీ ఇంకో కొలతకీ మధ్య ఉన్న ధ్వని పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే, మధ్యలోని వంపుతో సహా తరంగం మొత్తం తిరిగి వస్తుంది. క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన గణిత సిద్ధాంతం చెప్పేది ఇదే. మనిషి చెవికి వినబడేది సుమారు 20,000 హెర్ట్జ్ వరకే. వయసుతో అది ఇంకా తగ్గుతుంది. యాభై దాటిన వారిలో ఎక్కువమందికి 14,000 హెర్ట్జ్ పైన పెద్దగా వినబడదు. ఆ లెక్కన చెవికి అందేదంతా సీడీలోనే ఇమిడిపోతుంది. 192 కిలోహెర్ట్జ్ ఫైలు అదనంగా దాచేది మన చెవికి అందని భాగాన్ని.

ఇక బిట్లు. ఒక్కో బిట్ పెరిగితే అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 16 బిట్లకు 96 డెసిబెల్స్, 24 బిట్లకు 144. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆనాటి స్టూడియోలో పాటను పట్టుకున్నది అయస్కాంత టేపు. దాని మీది ఐరన్ ఆక్సైడ్ రేణువుల వల్ల ‘స్‌స్‌’మనే సన్నని హోరు ఎప్పుడూ ఉంటుంది. మంచి స్టూడియో టేపు మీద కూడా పాటకూ ఆ హోరుకూ మధ్య దూరం 60 నుంచి 70 డెసిబెల్స్. అంటే పదకొండు, పన్నెండు బిట్లలో పట్టేస్తుంది. మిగతా బిట్లన్నీ ఆ హోరును మరింత కచ్చితంగా రాసుకుంటాయి. చెరకు గానుగాడిన ఊళ్లో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు: పెనం ఎంత పెద్దదైనా రసంలో లేని తీపి బెల్లంలోకి రాదు.

అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. హై-రెజల్యూషన్ ధ్వనినీ, అదే ధ్వనిని సీడీ స్థాయికి దించినదాన్నీ మార్చి మార్చి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. మామూలు శబ్దస్థాయిలో విన్నవాళ్ల జవాబులు నాణెం ఎగరేసినట్టే సగం ఒప్పు, సగం తప్పు. 2016లో జాషువా రీస్ ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కిస్తే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. తేడా లేకపోలేదు గాని బహు స్వల్పం.

అలాగని 24 బిట్లు వృథా అనను. టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించి, శుభ్రం చేసి, హెచ్చుతగ్గులు సరిదిద్దేటప్పుడు లెక్కల్లో దొర్లే చిన్న పొరపాట్లు పోగవకుండా ఆ అదనపు చోటు కాపాడుతుంది. స్టూడియోకి అది అవసరం. అయిదు నిమిషాల పాట కుదింపు లేకుండా సీడీ స్థాయిలో 53 మెగాబైట్లు, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్‌లో 346 మెగాబైట్లు. ఆ తేడాకి డేటా ఖర్చు పెట్టేది మాత్రం శ్రోత. పైగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో వింటే దారిలోనే ధ్వనిని మళ్లీ కుదించేస్తారు.

అసలు తేడా వచ్చేది మూలం దగ్గర. క్యాసెట్‌లో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపు. సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. స్టూడియో మాస్టర్ టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, వేగం సాధారణంగా సెకనుకు 38 సెంటీమీటర్లు. ఒక సెకను పాటకి ఎనిమిది రెట్ల పొడవు దొరుకుతుంది కాబట్టి హోరు తగ్గుతుంది, పై స్వరాలు చెదరవు. అందువల్ల మాస్టర్ టేపు నుంచి జాగ్రత్తగా తీసిన పాట మామూలు స్ట్రీమింగ్‌లో కూడా హాయిగా ఉంటుంది. అరిగిన రికార్డు నుంచో, నకలుకు నకలు నుంచో తీసినదాన్ని 192 కిలోహెర్ట్జ్‌లో పెట్టినా మొద్దుగానే ఉంటుంది.

మంచి టేపు దొరికినా సరిపోదు, చెయ్యి మంచిది కావాలి. టేపును చదివే హెడ్ కొంచెం ఒరిగితే చాలు, పై స్వరాలు మసకబారతాయి. స, శ, ష పలికినప్పుడు వచ్చే శక్తి ఎక్కువగా పై పౌనఃపున్యాలలోనే ఉంటుంది. ముందు దెబ్బతినేవి ఆ అక్షరాలే. సీతారామశాస్త్రి వంటి కవి ఏరుకుని వేసిన మాటను గాయకుడు బాలు ఎంత స్పష్టంగా పలికినా, ఆ ఒరిగిన హెడ్ దాన్ని మింగేస్తుంది. దాన్ని సరిచేసే ఇంజనీరు పాటను నిజంగానే బతికించినట్టు.

తరువాతిది హోరు తీసే పని. పాట మొదలవ్వకముందు ఉండే నిశ్శబ్దంలోంచి హోరు నమూనా తీసుకుని, పాట పొడవునా అలాంటిదాన్ని తగ్గించమని కంప్యూటర్‌కు చెబుతారు. చిక్కంతా ఇక్కడే. వేణువు ఊదేటప్పుడు స్వరంతోపాటు గాలి చప్పుడూ వస్తుంది. వెదురు అంచున పెదవుల గాలి చీలినప్పుడు పుట్టే ఆ చప్పుడుకి ఒక స్థిరమైన శ్రుతి లేదు. టేపు హోరులాగే అనేక పౌనఃపున్యాలలో పరుచుకుని ఉంటుంది. కంప్యూటర్‌కు రెండూ ఒకటే. మోతాదు మించితే హోరుతోపాటు వాద్యకారుడి ఊపిరి కూడా పోతుంది. మిగిలేది నున్నని, ప్రాణంలేని ఈల. గాయకుడు చరణానికి ముందు తీసుకునే శ్వాసా అంతే. కాస్త హోరు ఉన్నా సరే, ఊపిరి ఉండాలన్నదే నా అభిప్రాయం.

ఇంకో చెడ్డ అలవాటు శబ్దం పెంచడం. తబలా దెబ్బ, మృదంగం దెబ్బ మిగతా ధ్వనులకన్నా ఎత్తుగా లేస్తాయి. లిమిటర్‌తో ఆ శిఖరాలను అణిచి మొత్తం పాటను పైకి లేపితే, వినగానే ‘అబ్బ, ఎంత బాగుంది’ అనిపిస్తుంది. ఒకే పాటను కొంచెం పెంచి వినిపిస్తే బాగుందనుకోవడం చెవి సహజగుణం. మెటాలికా బృందం 2008 ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ మీద అభిమానులే తిరగబడింది ఈ అణచివేత వల్లనే. అయినా ఇప్పుడు స్ట్రీమింగ్ సర్వీసులు అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయికి తెస్తున్నాయి. శబ్దస్థాయిని కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో స్పాటిఫై మైనస్ 14ను, యాపిల్ మ్యూజిక్ మైనస్ 16ను పాటిస్తాయి. బలవంతంగా పెంచిన పాటను అవి తిరిగి దించేస్తాయి. పెంచిన లాభం పోతుంది, చదునైన తబలా మిగులుతుంది.

పాత మోనో పాటల విషయంలో కొత్త ఆశ ఒకటి కనిపిస్తోంది. గాయకులు, వాద్యబృందం కలిసి ఒకే ట్రాక్‌లో చేసిన రికార్డింగుల నుంచి గొంతునూ వాద్యాలనూ యంత్ర అభ్యసనంతో విడదీయగలుగుతున్నారు. బీటిల్స్ ‘రివాల్వర్’ ఆల్బమ్‌ను 2022లో అలాగే కొత్తగా మిక్స్ చేశారు. ఘంటసాల కాలపు పాటలకూ ఇది సాధ్యమే. అయితే అది కొత్త మిక్స్ అని స్పష్టంగా చెప్పి, అసలు మోనోను కూడా పక్కన ఉంచాలి.

మీరు పోల్చి చూడాలనుకుంటే యాప్‌లో శబ్దాన్ని సమం చేసే సెట్టింగ్ ఆన్ చేసి, తీగ ఇయర్‌ఫోన్స్‌తో పాత విడుదలనీ కొత్తదాన్నీ ఒకదాని వెంట ఒకటి వినండి. స, శ తేటగా ఉన్నాయా? చరణానికి ముందు శ్వాస వినబడుతోందా? తబలా దెబ్బ లేచి పడుతోందా? ఏది బాగుందో అంకె చూడకుండా తేల్చుకోవచ్చు.

హక్కులున్న కంపెనీలు ‘రీమాస్టర్డ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. ఏ టేపు నుంచి తీశారు, ఏ ఏడాది తీశారు, ఏ ఇంజనీరు చేశారు: ఈ మూడూ ప్రతి పాట కింద రాయాలి. మనమూ అడగాలి. ఇంట్లో పాత రికార్డులు, టేపులు ఉన్నవాళ్లు వాటిని పాతసామాన్ల వాడికి వేయకండి. మన తీరప్రాంతపు చెమ్మకు టేపు జిగురెక్కుతుంది, బూజు పడుతుంది. పొడిగా, ఎండ తగలని చోట, నిలువుగా పెట్టండి. మాస్టర్ టేపు పాడైపోయిన పాటకు మీ అటక మీది రికార్డే మిగిలిన ఏకైక ఆధారం కావచ్చు.