వంటింటి తడిచెత్తను విడిగా ఎందుకు పెట్టాలి? ఎరువు ఎలా చేయాలి?

సింగరాయకొండలాంటి ఊళ్లో ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి, కూరగాయల కొట్ల నుంచి వచ్చే చెత్తలో తడిదే ఎక్కువ బరువు. వంకాయ తొడిమలు, అరటి తొక్కలు, మిగిలిన అన్నం, మామిడి చెక్కులు అన్నీ అందులోనే. దాన్ని మిగతా చెత్తలో కలిపేస్తే ఊరికి బెడద, విడిగా పెడితే పొలానికి బలం. విడదీయాల్సింది వంటింట్లోనే.

ఎలాగూ కుళ్లేదే కదా, డంపింగ్ యార్డులో పడేస్తే ఏం?

గాలి ఆడుతూ కుళ్లితే అది మట్టిలో కలిసే ఎరువవుతుంది. ముడివేసిన కవర్లలో, చెత్త గుట్టల కింద గాలి ఆడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కన్నా ఇది సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఎండాకాలంలో గుట్ట అంటుకుంటే ప్లాస్టిక్ పొగ ఊరంతా కమ్ముతుంది. వానాకాలంలో కారే మురుగు తీరప్రాంతపు ఇసుక నేలల్లో త్వరగా ఇంకి భూగర్భ జలాన్ని పాడుచేస్తుంది. అన్నం వాసనకు వచ్చిన ఆవులూ గేదెలూ కవరుతో సహా మింగేస్తాయి.

మన పెద్దవాళ్ల పెంటదిబ్బ కూడా చెత్తకుప్పే కదా?

ఆ దిబ్బలో పడింది పేడ, బూడిద, పశువులు తినగా మిగిలిన గడ్డి, వంటింటి తుక్కు. ఎండాకాలంలో దాన్ని బండ్లకెత్తి పొలానికి తోలేవారు. ఇప్పటి కుప్పలో గాజుపెంకులు, షాంపూ ప్యాకెట్లు ఉంటాయి. దాన్ని ఏ రైతూ మిరప చేలోకి రానివ్వడు.

ఇంట్లో ఎలా చేయాలి?

మూత ఉన్న పాత డ్రమ్ము తీసుకుని అడుగున, పక్కల బెజ్జాలు పెట్టండి. నీడలో, ఇటుకల మీద నిలపండి. అడుగున బెత్తెడు ఎండుటాకులు పరవండి. రోజూ తడిచెత్తను చిన్న ముక్కలు చేసి వేసి, దానికి రెండింతలు ఎండుటాకులో కొబ్బరిపీచో వేరుశనగ పొట్టో కప్పండి. గుప్పెడు పాత ఎరువు గానీ కాస్త పుల్లమజ్జిగ గానీ కలిపితే త్వరగా అందుకుంటుంది. వారానికోసారి కర్రతో తిరగెయ్యండి. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు మాత్రం కారకూడదు. రోహిణి ఎండల్లో త్వరగా ఆరిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు నీళ్లు చిలకరించాలి. రెండు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది.

కంపు కొడితే? పురుగులు పడితే?

కంపు వస్తే తడి ఎక్కువైందని అర్థం. ఎండుటాకులు వేసి తిరగెయ్యండి. పురుగులు కనిపిస్తే పైన మట్టి కప్పండి. చేపల పొలుసు, మాంసం డ్రమ్ములో వేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చడం మేలు. నూనె, ఉప్పు నిండిన పాత పచ్చళ్లు వేయొద్దు.

పెరడు లేనివాళ్ల సంగతి?

వాళ్లు చెత్తను విడదీసి ఇస్తే చాలు. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఎవరింట్లో వాళ్లే విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే చెప్పాయి. ఆంధ్రప్రదేశ్‌లో చాలా పంచాయతీలు చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టుకున్నాయి. వాటి తొట్లలో వానపాములతో ఎరువు చేస్తారు. తొట్టిలో వేసే పచ్చిపేడ వేడికి వానపాములు చచ్చిపోతాయి కాబట్టి ముందు దాన్ని మాగనివ్వాలి. తొట్టిపై నీడ ఉండాలి, చీమలు చేరకుండా చూడాలి. ఇంత చేసినా, వచ్చే చెత్త కలగాపులగంగా ఉంటే ఆ తొట్లు ఉత్తవిగానే పడుంటాయి.

పెద్దమొత్తంలో మిగిలితే?

హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్ తీసి కరెంటు పుట్టిస్తున్నారు. రోజుకు సుమారు 10 టన్నులు వాడి 500 యూనిట్ల దాకా తీస్తారు. మన ఫంక్షన్ హాళ్లకు అంత యంత్రాంగం అక్కర్లేదు. పెళ్లి వంటలు మాట్లాడుకునే రోజే మూడు మాటలు చెప్పండి: థర్మాకోల్ ప్లేట్లు వద్దు, విస్తరాకులే కావాలి; తినగలిగింది మిగిలితే ముందు మనుషులకు చేరాలి; ఎంగిలాకుల దగ్గర ప్లాస్టిక్ గ్లాసులకు వేరే డబ్బా ఉండాలి. ఈ మూడూ జరిగితే ఆ పెళ్లి ఎంగిలి నేరుగా ఎరువు గుంతకు పోతుంది.