సముద్రపు నీటిలో ప్లాస్టిక్ నలుసు

ప్లాస్టిక్ సంచి సముద్రంలో పడితే కుళ్ళిపోదు. ఎండకు పెళుసెక్కుతుంది. అలల దెబ్బకు ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. కందిగింజంత ముక్క మొదలు, కంటికి ఆనని నలుసు దాకా అన్నీ ఇందులోకే వస్తాయి. చేపలు, రొయ్యలు వీటిని మింగుతాయి.

మరి నీటిలో ఎన్ని నలుసులున్నాయో ఎలా తెలుస్తుంది? లెక్క ఎక్కువ చూపితే జనం భయపడతారు, చేపలమ్మే ఆడవాళ్ళ బేరం పోతుంది. తక్కువ చూపితే జరిగే చెరుపు బయటపడదు. అందుకే లెక్క సరిగా ఉండాలి.

2004లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో రిచర్డ్ థాంప్సన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు తీరంలోని ఇసుక, బురద తీసి చూశారు. తేడాగా కనిపించిన నలుసులను ఏరారు. యంత్రంతో పరీక్షిస్తే, వాటిలో సుమారు మూడో వంతు మాత్రమే ప్లాస్టిక్ అని ఖాయంగా తేలింది. ఒట్టి కంటిని నమ్ముకుంటే ఇలాగే మోసపోతాం.

సముద్రపు నీటిని పరీక్షించాలంటే, ముందు పడవ వెనక సన్నని వల కట్టి లాగుతారు. దాని కన్ను మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. అయినా పాలియెస్టర్ చీర ఉతికితే ఊడే పోగులు అందులోంచి జారిపోతాయి. అందుకని ఇప్పుడు నీటిని సీసాలకు పట్టి, ఇంకా సన్నని వడపోత కాగితంలో వడగడుతున్నారు.

ఆ నీటిలో నాచు, చిన్న పురుగులు కూడా ఉంటాయి. వాటిని కరిగించాలి. పుండ్లు కడిగే నురగ మందు ఉంది కదా, హైడ్రోజన్ పెరాక్సైడ్, అదే ఘాటుగా వాడతారు. ఘాటైన ఆమ్లం పోస్తే నైలాన్ కూడా పాడైపోతుంది. తరువాత ఉప్పు కలుపుతారు. విత్తనాలను ఉప్పునీటిలో వేస్తే తాలు పైకి తేలడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. ఇసుక అడుగుకు పోతుంది, ప్లాస్టిక్ తేలుతుంది. పాలియెస్టర్ బరువు, దానికి మామూలు ఉప్పు చాలదు. ఇంకా బరువైన లవణం కావాలి.

తేలిన నలుసుల మీద యంత్రం కంటికి కనపడని పరారుణ కిరణాలు వేస్తుంది. ఒక్కో ప్లాస్టిక్ ఆ కిరణాలను ఒక్కో తీరుగా పీల్చుకుంటుంది. మనం సంతకాలు నేర్చుకున్నాం గానీ, ప్లాస్టిక్‌ది ఇంకా వేలిముద్రే!

అసలు చిక్కు గదిలోనే ఉంది. గాలిలో బట్టల పోగులు ఎగురుతుంటాయి. ఒక్క పోగు గిన్నెలో పడినా నేరం సముద్రం మీదికి పోతుంది. అందుకే పనిచేసేవాళ్ళు నూలు కోటు వేసుకుంటారు. గిన్నెల మీద మూతలు పెడతారు. పక్కనే ఒక గిన్నెలో శుభ్రమైన నీళ్ళు పోసి, దానికీ ఇవే పనులన్నీ చేస్తారు. అందులో దొరికిన పోగులు గదివి, సముద్రానివి కావు. అవి మరీ ఎక్కువైతే ఆ రోజు లెక్క పనికిరాదు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సిందే.